యుద్ధకాలపు ప్రచారాన్ని పిల్లలు గుర్తుపట్టేదెట్లా? టీచర్లు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ దగ్గర ఓ ప్రభుత్వ హైస్కూల్లో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు యుద్ధకాలపు ప్రచారం గురించి విడిగా నాలుగు పీరియడ్లు చెప్పడం మొదలుపెట్టాక చాలా ప్రశ్నలు వచ్చాయి. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో తోటి టీచర్లు అడిగారు, పిల్లల కోసం బడికి వచ్చిన తల్లిదండ్రులు అడిగారు. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

యుద్ధ ప్రచారం అంటే సరిగ్గా ఏమిటి?

జనం ఎవరిని నమ్మాలి, ఎవరిని ద్వేషించాలి, దేనికి సిద్ధపడాలి అన్నది ఎవరో ముందే నిర్ణయించుకుంటారు. మన మనసులను ఆ దారికి మళ్లించడానికి మాట, బొమ్మ, పాట, వార్త వాడతారు. ఆ పని చేసేది ప్రభుత్వం కావచ్చు, సైన్యం కావచ్చు, ఒక పార్టీయో గుంపో కావచ్చు. సబ్బు ప్రకటన కూడా మనసును మళ్లిస్తుంది కదా అని పిల్లలు అడుగుతారు. నిజమే. కానీ సబ్బు బాగా లేకపోతే ముప్పై రూపాయలు పోతాయి. ఇక్కడ పోయేవి ప్రాణాలు.

తెలుగులో చెప్పేటప్పుడు ఒక చిక్కుంది. ‘ప్రచారం’ అనేది మనకు మంచి మాటే. పల్స్ పోలియో ప్రచారం, ఎన్నికల ప్రచారం అని రోజూ అంటాం. తప్పుడుది అయితే ‘దుష్ప్రచారం’ అంటాం. దాంతో పిల్లల మనసులో మనవాళ్లు చేసేది ప్రచారం, అవతలివాళ్లు చేసేది దుష్ప్రచారం అని పడిపోతుంది. అందుకే నా క్లాసులో ‘దుష్ప్రచారం’ అనే మాట వాడను. ఎవరు చేసినా ప్రచారమే. అది నిజమా, కాదా అన్నది తర్వాత తేలుద్దాం.

సిలబస్ పూర్తి చేయడానికే టైమ్ చాలదు. ఇది ఎక్కడ ఇరికించాలి?

పదో తరగతిలో ప్రపంచ యుద్ధాల పాఠాలు, హిట్లర్ జర్మనీ ఎలాగూ ఉన్నాయి. వాటిలోనే కలపండి. 1933లో అధికారంలోకి రాగానే నాజీలు ప్రచారానికి ఒక మంత్రిత్వశాఖ పెట్టి గోబెల్స్‌కు అప్పగించారు. అదే ఏడాది సామాన్యులు కొనగలిగే చౌక రేడియోను మార్కెట్లోకి తెచ్చారు. ఈ రెండు విషయాలు చెబితే పిల్లలు వెంటనే తమ ఫోన్ల గురించి మాట్లాడటం మొదలుపెడతారు. పాఠం అక్కడి నుంచి దానంతట అదే నడుస్తుంది.

మొదటి పీరియడ్‌లో ఏం చేయాలి?

ఏం చేయకూడదో ముందు చెబుతాను, ఎందుకంటే నేను చేసింది అదే. 1937లో అమెరికాలో ప్రచార విశ్లేషణ కోసం ఒక సంస్థ పుట్టింది. ప్రచారంలో తరచూ కనిపించే ఏడు పద్ధతులకు అది పేర్లు పెట్టింది. మొదటి ఏడాది నేను ఆ ఏడింటినీ బోర్డు మీద రాసి, నిర్వచనాలు చెప్పించాను. పరీక్షలో అందరూ బ్రహ్మాండంగా రాశారు. ఆ వారంలోనే క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక దొంగ యుద్ధం వీడియో వచ్చింది. పరీక్షలో ఏడుకు ఏడు రాసిన పిల్లలే దాన్ని ముందుగా ఫార్వర్డ్ చేశారు. నాకు చాలా బాధనిపించింది. తప్పు పిల్లలది కాదు, నేను చెప్పిన పద్ధతిది.

ఇప్పుడు ఒక వేలుతో మొదలుపెడుతున్నాను. 1914లో బ్రిటన్‌లో వచ్చిన లార్డ్ కిచెనర్ బొమ్మ చాలామంది చూసే ఉంటారు. మీసాల సైన్యాధికారి నేరుగా మనవైపు వేలు చూపిస్తుంటాడు, సైన్యంలో చేరమంటాడు. ఆ కిచెనర్ అంతకుముందు 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సర్వసైన్యాధిపతిగా ఉన్నవాడే. 1917లో అమెరికా అదే వేలును తన దేశానికి గుర్తుగా గీసుకునే ముసలాయన అంకుల్ శామ్‌కు పెట్టింది. 1920లో సోవియట్ చిత్రకారుడు దిమిత్రీ మోర్ ఎర్రసైనికుడి చేత అదే వేలు చూపించి, ‘నువ్వు చేరావా?’ అని అడిగించాడు. రాజు ఉన్న దేశం, రాజు లేని దేశం, రాజును కూల్చిన దేశం. మూడింటికీ వేలు ఒక్కటే.

మొదట బొమ్మలో వేలు మాత్రమే చూపిస్తాను. “ఎట్లనిపిస్తుంది?” అని అడుగుతాను. “తప్పు చేసినట్టు అనిపిస్తుంది సార్” అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మన భాషలో వేలెత్తి చూపడమంటేనే తప్పు పట్టడం. పిల్లలు ఆ పోస్టర్ కిటుకును దాని పేరు తెలియకముందే ఒంటితో తెలుసుకున్నారన్నమాట. తర్వాత 1915 నాటి ఇంకో బ్రిటిష్ పోస్టర్ ఇస్తాను. కుర్చీలో కూర్చున్న తండ్రిని ఒడిలోని కూతురు, ‘నాన్నా, మహాయుద్ధంలో నువ్వేం చేశావు?’ అని అడుగుతుంటుంది. అందులో వేలు లేదు, పని మాత్రం అదే. ఈ రెండూ అయ్యాక పిల్లలకు నేను ఇచ్చే మొదటి పరికరం ఒకే ప్రశ్న: ఇది చూడగానే నాకు ఏమనిపించింది, అలా అనిపించాలని ఎవరు కోరుకున్నారు?

ఆ ఏడు పద్ధతులను తెలుగులో ఎలా చెప్పాలి?

ఇంగ్లీషు పేర్లను మక్కికి మక్కి తెలుగు చేయకండి. పిల్లల చేతే పేర్లు పెట్టించండి. మా క్లాసులో నిలబడిన పేర్లు ఇవి.

ముద్ర వేయడం. మనిషికి మనిషి అనే పేరు తీసేసి ఇంకో పేరు అంటించడం. దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. 1994లో రువాండాలో ఏప్రిల్ నుంచి జులై దాకా సుమారు 8 లక్షల మందిని చంపేశారు. అంతకుముందు నుంచే అక్కడ ఒక రేడియో టుట్సీ తెగవాళ్లను ‘బొద్దింకలు’ అని పిలుస్తూ వచ్చింది. “బొద్దింక కనబడితే మీరేం చేస్తరు?” అని అడిగాను. “చెప్పుతోని కొడతం సార్” అని ఇద్దరు ముగ్గురు ఒక్కసారే అన్నారు. అన్న తర్వాత వాళ్లకే అర్థమైంది. క్లాసంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని నేను తొందరపడి చెదరగొట్టలేదు. ఆ రేడియో పెద్దలను 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ దోషులుగా తేల్చిందని కూడా చెప్పాను. చేత్తో కత్తి పట్టనివాళ్లకు మాటల వల్ల శిక్ష పడిందని పిల్లలకు తెలియాలి.

తళుకు మాటలు. త్యాగం, గౌరవం, స్వేచ్ఛ, ధర్మం. దీనికి తేలికైన పరీక్ష ఉంది. వాక్యంలో దేశం పేరు తీసి శత్రుదేశం పేరు పెట్టి చదవండి. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడితే అందులో సమాచారం ఏమీ లేదని అర్థం.

అరువు గౌరవం. మేడారం జాతరకు వెళ్లే దారి పొడుగునా ఫ్లెక్సీలు ఉంటాయి. సమ్మక్క సారలమ్మల గద్దెల బొమ్మ పక్కనే ఎవరో ఒక నాయకుడి ఫోటో. తల్లుల మీద మనకున్న భక్తిలో కొంత ఆ ఫోటోకు అంటాలని. యుద్ధకాలంలో జెండా, దేవుడు, అమరవీరుడి సమాధి అన్నీ ఇలాగే అరువుకు వెళ్తాయి.

పెద్దమనిషి సాక్ష్యం. పేరున్నవాళ్లో, కళ్లారా చూశామనేవాళ్లో చెబితే నమ్మేస్తాం. 1990 అక్టోబర్‌లో నయీరా అనే 15 ఏళ్ల కువైట్ అమ్మాయి అమెరికా చట్టసభ సభ్యుల ముందు ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో పసిపిల్లలను ఇంక్యుబేటర్ల నుంచి తీసి నేలమీద పడేశారని చెప్పింది. యుద్ధానికి మద్దతు కూడగట్టడంలో ఆ కన్నీళ్లు చాలా పనిచేశాయి. 1992లో అసలు సంగతి బయటపడింది. ఆమె అమెరికాలో కువైట్ రాయబారి కూతురు. ఆ సాక్ష్యం వెనుక ఒక పెద్ద పబ్లిక్ రిలేషన్స్ కంపెనీ ఉంది. ఆ కథకు ఆధారం దొరకలేదు. మన పిల్లలకు ఆ అమ్మాయి వయసే. అందుకే ఈ ఉదాహరణ వాళ్లకు గట్టిగా తగులుతుంది.

మీ ఇంటోణ్ణే. పెద్ద నాయకుడు గొంగడి కప్పుకుని ఫోటో దిగడం. ఇది ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ఎన్నికల పుణ్యాన పిల్లలకు బాగా తెలుసు.

తరుగు తీయడం. ఇది మా పిల్లలు పెట్టిన పేర్లన్నింట్లో నాకు నచ్చింది. అమెరికావాళ్లు పేకముక్కల పోలికతో ఏదో పేరు పెట్టారు, అది మనకు అతకదు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లే ఇళ్ల పిల్లలు మా బడిలో చాలామంది. వడ్ల కాంటా దగ్గర తేమ అని, తాలు అని బస్తాకు ఇన్ని కిలోలు తరుగు తీస్తే ఇంట్లో ఎంత గొడవవుతుందో వాళ్లకు తెలుసు. తూకంరాయి అబద్ధం కాదు, కాంటా అబద్ధం కాదు, కానీ లెక్క తప్పు. యుద్ధవార్తలో కూడా అంతే. చెప్పిన ప్రతి ముక్కా నిజమే కావచ్చు. అవతలివైపు చనిపోయినవాళ్లను తరుగు తీసి చెబుతారు.

గొర్రెదాటు. అందరూ చేరారు, నువ్వే మిగిలావు. దీనికి వివరణ అక్కర్లేదు.

ఈ ఏడింటికీ నేను ఎనిమిదోది కలుపుతాను: భయపెట్టడం. యుద్ధం రోజుల్లో మిగతావన్నీ దీని భుజాల మీద ఎక్కే వస్తాయి.

అయితే ప్రచారమంటే అంతా అబద్ధమేనా?

కాదు. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నిజాన్ని ఎంచి చెప్పడమూ ప్రచారమే, మంచి పనికి చేసేదీ ప్రచారమే. రెండో ప్రపంచ యుద్ధంలో నోరు జారితే సైనికుల ప్రాణాలు పోతాయని బ్రిటన్ గోడల మీద హెచ్చరికలు అంటించింది. అది జనాన్ని ఒక దారికి మళ్లించడమే, అయినా ఆ మాట నిజం. పద్ధతిని గుర్తుపట్టడం ఒక పని, నిజానిజాలు తేల్చడం ఇంకో పని. ఈ రెండింటినీ వేర్వేరు కాలమ్‌లలో రాయించండి.

యూరప్ పోస్టర్లు మన ఊరి పిల్లలకు దూరంగా అనిపించవా?

అనిపిస్తాయి. అందుకే రెండో పీరియడ్‌ను వీలైతే కాకతీయుల కోట ఖిలా వరంగల్‌లో పెట్టండి. వీలుకాకపోతే అక్కడి రాతి తోరణం ఫోటో చాలు.

కాకతీయ ప్రతాపరుద్రుడికీ ఢిల్లీ సైన్యాలకూ జరిగిన యుద్ధాల గురించి రెండు వైపుల రాతలూ మనకు మిగిలాయి. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ చేసిన ఓరుగల్లు ముట్టడిని వర్ణించాడు. లొంగిపోతూ ప్రతాపరుద్రుడు తన బంగారు ప్రతిమ చేయించి, దాని మెడలో బంగారు గొలుసు వేయించి పంపాడని రాశాడు. ఇక 1323లో కోట పడిపోయిన కొన్నేళ్లకు ప్రోలయ నాయకుడి కాలంలో వేయించిన విలస తామ్రశాసనం వేరే కథ చెబుతుంది. ప్రతాపరుద్రుడు సుల్తాను సేనలను పలుమార్లు ఓడించాడనీ, చివరికి కాలం కలిసిరాక పట్టుబడ్డాడనీ, ఢిల్లీకి తీసుకెళ్తుంటే నర్మద ఒడ్డున కన్నుమూశాడనీ అంటుంది. ఒకే రాజు, ఒకే శత్రువు. ఒక కథలో మెడకు గొలుసు, ఇంకో కథలో విజయపరంపర.

రెండింటినీ తేలిక తెలుగులో చెరో ఐదారు వాక్యాలుగా రాసి, ఎవరు రాశారో చెప్పకుండా రెండు గుంపులకు ఇచ్చాను. ఒక గుంపు రాజు పిరికివాడని తేల్చింది, రెండోది మహావీరుడని తేల్చింది. ఒకరి కాగితం ఇంకొకరికి ఇచ్చాక కాసేపు వాదించుకున్నారు. చివరికి వెనుక బెంచీ అమ్మాయి లేచి, “సార్, ఇద్దరికీ జీతమిచ్చేటోళ్లు ఉన్నరు” అంది. ఈ పాఠంలో నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క మాటలో వచ్చేసింది. కవిని పోషించింది సుల్తాను. శాసనం వేయించింది ఆ నేలను మళ్లీ తన చేతిలోకి తీసుకుంటున్న నాయకుడు. ఎవరి కోసం రాశారు, ఎవరు చదవాలని రాశారు, ఏం వదిలేశారు? కోటకు వాడిన ఈ మూడు ప్రశ్నలే ఫోన్లో వచ్చే వీడియోకూ వాడతాం.

1948 సంగతి క్లాసులోకి తేవచ్చా? గొడవలు రావా?

తేవచ్చు, జాగ్రత్తగా. నేను ఒక్క పేరుతోనే పని కానిస్తాను: ‘పోలీసు చర్య’. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలో భారత సైన్యం ట్యాంకులతో, విమానాలతో హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. వచ్చింది సైన్యం, పేరు మాత్రం పోలీసుది. ఎందుకలా పిలిచారు? అంతకుముందు నెలలోనే హైదరాబాద్ ఈ వివాదాన్ని ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి దాకా తీసుకెళ్లింది. యుద్ధం అంటే రెండు దేశాల మధ్య జరిగేది. పోలీసు చర్య అంటే ఇంటి లోపలి వ్యవహారం. ఒక్క మాటతో ఎంత వాదన గెలవచ్చో పిల్లలకు అర్థమవుతుంది. ఆ తర్వాత 2022లో ఉక్రెయిన్‌పై దండెత్తిన రష్యా దాన్ని ‘ప్రత్యేక సైనిక చర్య’ అని పిలిచిన సంగతి చెబుతాను. రెండు ఘటనలూ ఒకటని చెప్పడం నా ఉద్దేశం కాదు, ఒకటి కావు కూడా. పేరు ఎలా పనిచేస్తుందో చూడమంటాను, అంతే. సెప్టెంబర్ 17ను మనమే ఈ కొన్నేళ్లలో విమోచన, సమైక్యత, ప్రజాపాలన అని మూడు పేర్లతో అధికారికంగా జరుపుకోవడం చూశాం కదా.

ఒక నియమం మాత్రం కచ్చితంగా పెట్టుకోండి. క్లాసులో ఏ పిల్లవాణ్ణీ, ఏ పిల్లనూ ఒక మతానికో ఒక పక్షానికో ప్రతినిధిగా నిలబెట్టకూడదు. రజాకార్ల దాడిలో ఇల్లు కాలిన కుటుంబం మనవడూ, ఆ తర్వాతి హింసలో మనుషులను పోగొట్టుకున్న కుటుంబం మనవడూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉండొచ్చు. ఆ మాట వచ్చినప్పుడు క్లాసంతా ఒక పిల్లవాడి వైపు తిరిగి చూస్తే, పాఠం ఎంత బాగా చెప్పినా మనం ఓడిపోయినట్టే.

మన దేశం వైపు ప్రచారాన్ని విప్పి చూపిస్తే దేశద్రోహం అనరా?

ఈ భయం నాకూ ఉండేది. ఇప్పటికీ క్లాసుకు వెళ్లే ముందు కొంచెం టెన్షన్ పడతాను. కానీ శత్రువు అబద్ధాన్ని మాత్రమే పట్టుకోగలిగిన పిల్లవాడు ఏమీ నేర్చుకోనట్టే. అవతలివాళ్ల తప్పు పట్టుకోవడానికి బడి అక్కర్లేదు, ద్వేషం చాలు.

వరుస ముఖ్యం. ముందు మనకు సంబంధం లేని యుద్ధం. 2022లో ఒక్కడే బోలెడు రష్యా విమానాలు కూల్చాడని ప్రపంచమంతా చెప్పుకున్న ‘కీవ్ దెయ్యం’ అనే పైలట్ కథ తీసుకోండి. రెండు నెలలకు ఉక్రెయిన్ వైమానిక దళమే అలాంటి మనిషి లేడనీ, అది తమ పైలట్లందరి ధైర్యానికి ప్రతీక అనీ చెప్పింది. పిల్లలు ఉక్రెయిన్ మీద జాలిపడుతూనే ఆ కథ అబద్ధమని ఒప్పుకోగలుగుతారు. ఒక పక్షం మీద అభిమానం ఉంచుకుంటూనే దాని కథను ప్రశ్నించవచ్చని వాళ్లకు అక్కడ తెలుస్తుంది.

తర్వాత 2025 మే నెల సంగతులకు రావచ్చు. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో మన మహిళా పైలట్ ఒకరు పట్టుబడ్డారని అవతలివైపు నుంచి పుకారు పుట్టింది, అది అబద్ధం. అవే రోజుల్లో కరాచీ ఓడరేవు మీద మన నౌకాదళం దాడి చేసిందని మన టీవీ చానళ్లు కొన్ని రాత్రంతా అరిచాయి, అదీ నిజం కాదు. కరాచీ కథ ఎందుకంత తేలిగ్గా నమ్మాం? 1971 డిసెంబర్ 4 రాత్రి మన నౌకాదళం నిజంగానే కరాచీ మీద దాడి చేసింది. ఏటా డిసెంబర్ 4న నేవీ డే జరుపుకునేది అందుకే. పాత నిజం కొత్త అబద్ధానికి జామీను ఉందన్నమాట. 1971లో ప్రాణాలకు తెగించి వెళ్లినవాళ్ల గౌరవాన్ని ఒక దొంగ వార్త వాడుకుంది. ఇలా చెప్పినప్పుడు ఇప్పటిదాకా ఏ తల్లీ ఏ తండ్రీ నన్ను తప్పు పట్టలేదు.

సైన్యంలో ఉన్నవాళ్ల పిల్లలు క్లాసులో ఉంటే?

ముందురోజే ఆ పిల్లలతో విడిగా మాట్లాడండి. మనం పరీక్షించేది పోస్టర్‌ను, మీ నాన్నను కాదు అని చెప్పండి. మా దగ్గర అలాంటి ఒక అమ్మాయి అందరికంటే బాగా మాట్లాడింది. టీవీలో చెప్పేదానికీ, వాళ్ల బాపు సెలవుకు వచ్చినప్పుడు చెప్పేదానికీ తేడా ఆమెకు ముందే తెలుసు.

ఫోన్లో వచ్చే యుద్ధం వీడియోలను పిల్లలు ఎలా పరీక్షించాలి?

2025 మేలో బడులకు వేసవి సెలవులు. పిల్లలు ఇళ్లలోనే, చేతుల్లో ఫోన్లు. ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారన్న మెసేజ్ వచ్చిందీ అప్పుడే. అది తప్పని కేంద్రం ఆధ్వర్యంలోని పీఐబీ (ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో) ఫ్యాక్ట్ చెక్ చెప్పింది. జూన్‌లో బడి తెరిచాక తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు వాళ్ల చిన్నాయన ఫోన్ తెచ్చాడు. అందులో రాత్రి ఆకాశం వీడియో ఉంది. కింది నుంచి నిప్పుచారలు పైకి లేస్తుంటాయి, ఒక విమానం మెలికలు తిరిగి పేలిపోతుంది. “సార్, గిది నిజమేనా?”

నేను జవాబు చెప్పలేదు. మూడుసార్లు చూశాం. మొదటిసారి మామూలుగా. రెండోసారి సౌండ్ తీసేసి. అప్పుడే వాళ్లకు తెలిసింది, భయమంతా సౌండ్‌లోనే ఉందని. మూడోసారి రెండు సెకన్లకోసారి ఆపుతూ చూశాం. ఒకడు పొగను పట్టుకున్నాడు, ప్రతి పేలుడుకూ అదే ఆకారంలో లేస్తోంది. ఒక అమ్మాయి ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని విని, “మా వాడకట్టుల పటాకులు కాలిస్తేనే అందరు ఒర్రుతరు. ఇండ్ల ఒక్కళ్లన్న ఒర్రుతలేరు” అంది. అవును, మనిషి గొంతు ఒక్కటీ లేదు. అంత పెద్ద యుద్ధం తీస్తున్నవాడి చెయ్యి కూడా వణకడం లేదు. ఒక ఫ్రేమ్‌ను స్క్రీన్‌షాట్ తీసి, ఫోటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో వెతికితే అది వీడియో గేమ్. ఇలా తరచూ దుర్వినియోగమయ్యే గేమ్ ఆర్మా 3. దాన్ని తయారుచేసిన కంపెనీయే 2022లో తమ గేమ్ దృశ్యాలను నిజం యుద్ధాలంటూ తిప్పుతున్నారని ప్రకటన ఇచ్చింది.

ఆ పిల్లవాడి ముఖం చిన్నబోయింది. వాడు అప్పటికే దాన్ని పన్నెండు మందికి పంపాడు. ఆ పన్నెండు మందికీ మళ్లీ మెసేజ్ పెట్టమన్నాను, పెట్టాడు. నమ్మినందుకు క్లాసులో ఎవరూ నవ్వకూడదన్నది ముందే పెట్టుకున్న నియమం. నవ్వితే తర్వాతి వీడియోను ఎవరూ బయటికి తీయరు.

ఇక వెతికే చోట్లు. పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చూడొచ్చు. హైదరాబాద్ నుంచి నడిచే, వార్తల నిజానిజాలు తేల్చే వెబ్‌సైట్ ఫ్యాక్ట్‌లీ తెలుగులో కూడా రాస్తుంది. పీఐబీ ప్రభుత్వ సంస్థ అనీ, యుద్ధంలో ప్రభుత్వమూ ఒక పక్షమేననీ పిల్లలకు దాచకుండా చెబుతాను. అందుకే ఒక్క చోట చూసి ఆగొద్దంటాను.

ఏఐతో చేసిన వీడియోల సంగతి?

2022 మార్చిలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైనికులను లొంగిపొమ్మంటున్నట్టు ఒక డీప్‌ఫేక్ (కంప్యూటర్‌తో చేసిన దొంగ వీడియో) వచ్చింది. తల ఒకలా, మెడ ఒకలా ఉండి వెంటనే దొరికిపోయింది. ఇప్పుడు వస్తున్నవి అలా దొరకవు. వేళ్లు లెక్కపెట్టు, కనురెప్పలు చూడు అనే చిట్కాల మీద ఎక్కువ టైమ్ పెట్టకండి, ఏడాదికి పాతబడతాయి. మొదట ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఇంకెవరైనా చూశారా? ఈ ప్రశ్నలు పాతబడవు.

పిల్లలు చివరికి ఏదీ నమ్మకుండా తయారైతే?

నిజంగా భయపడాల్సింది దీనికే. ఒక పాత కథ చెబుతాను. 1917లో బ్రిటిష్ పత్రికల్లో ఒక వార్త వచ్చింది. జర్మన్లు తమ సైనికుల శవాలను ఫ్యాక్టరీలో ఉడికించి కొవ్వు తీస్తున్నారని. లోకమంతా నమ్మింది. 1925లో బ్రిటన్ విదేశాంగమంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ పార్లమెంటులోనే ఆ కథకు ఆధారం లేదని ఒప్పుకున్నాడు. జనం ‘మమ్మల్ని మోసం చేశారు’ అనుకున్నారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు తిరగకముందే నాజీలు యూదులను లక్షల్లో చంపుతున్నారన్న కబుర్లు వచ్చాయి. అవి నిజం. కానీ చాలామంది ‘మళ్లీ అదే శవాల ఫ్యాక్టరీ కథ’ అని కొట్టిపారేశారు. మొదటి అబద్ధానికి మూల్యం దాన్ని పుట్టించినవాళ్లు కట్టలేదు, ఏళ్ల తర్వాత వేరేవాళ్లు ప్రాణాలతో కట్టారు.

అందుకే మా క్లాసులో పరీక్షకు పెట్టే ప్రతి నాలుగు వీడియోల్లో రెండు నిజమైనవి ఉంటాయి. ‘అబద్ధం’ అని ఊరికే రాస్తే మార్కు లేదు, ‘నిజం’ అని ఊరికే రాసినా లేదు. ఎందుకో చెప్పాలి. ‘ఇంకా తెలియదు’ అని రాసి, తెలుసుకోవడానికి ఏం కావాలో చెబితే పూర్తి మార్కు.

ఇంట్లో పెద్దవాళ్లు తప్పుడు వీడియోలు పంపిస్తే పిల్లలు ఏం చేయాలి?

ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందు ‘కాకా, ఇది ఫేక్’ అని పెట్టొద్దని చెబుతాను. పెద్దవాళ్ల పరువు పోతే వాళ్లు ఆ వీడియోనే ఇంకా గట్టిగా పట్టుకుంటారు. విడిగా దగ్గర కూర్చుని, “కాకా, ఇది నీకెవరు పంపిండ్రు? మనిద్దరం చూద్దామా?” అని అడగమంటాను. పిల్లలు ఫోన్ పట్టుకుని గూగుల్ లెన్స్‌లో వెతికి చూపిస్తే పెద్దవాళ్లకు అదొక సరదా. ఇంటికి వెళ్లి తల్లికి ఇది నేర్పించిన పిల్లలు మా బడిలో చాలామందే ఉన్నారు.

పిల్లలతో ప్రచార పోస్టర్ వేయించవచ్చా?

వేయించండి, తయారుచేస్తేనే కిటుకు చేతికి అందుతుంది. కానీ దేశాలు ఊహించినవే ఉండాలి. నిజమైన దేశం, మతం, కులం, ఊరు ఏదీ రాకూడదు. వేశాక ఒక గుంపు పోస్టర్‌ను ఇంకో గుంపు విప్పి చెప్పాలి. ఆ రోజు అయిపోయాక గోడకు అంటించను. చూసి భయపడిన చిన్న తరగతి పిల్లలకు అది పాఠమని ఎవరు చెబుతారు?

మార్కులు వేయాలా?

ప్రాజెక్టు పని కింద వేస్తాను. పరీక్షలో ఒక్కటే ప్రశ్న: నీకు బాగా నచ్చిన, నువ్వు నమ్మే ఒక పోస్టర్‌నో పాటనో తీసుకుని అందులో ఏ పద్ధతులున్నాయో రాయి. నచ్చనిదాని మీద రాస్తే మళ్లీ ఇస్తాను.

ప్రొజెక్టర్ లేదు, కంప్యూటర్లు పనిచేయవు. పోస్టర్లు ఎక్కడ దొరుకుతాయి?

లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లలో ప్రపంచ యుద్ధాల పోస్టర్లు వేలల్లో ఉన్నాయి, చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆరేడు ఎంచుకుని ఏ4 కాగితం మీద నలుపు తెలుపులో ప్రింట్ తీయించండి, కాపీలు జిరాక్స్ చేయించుకోండి. నలుగురికి ఒకటి చొప్పున ఇస్తే యాభై మంది క్లాసుకు సరిపోతాయి. రంగు లేకపోయినా నష్టం లేదు. అదే పోస్టర్‌ను ఫోన్లో రంగుల్లో చూపించి, ఎరుపు చేరాక ఏం మారిందో అడగడం ఇంకో మంచి పాఠం.

ఇచ్చే ముందు ఒక పని చేయండి. పోస్టర్ కింద రాసి ఉన్న మాటలు కనబడకుండా కాగితాన్ని వెనక్కి మడిచి పిన్ కొట్టండి. మాటలు కనిపిస్తే పిల్లలు వాటిని చదివేసి బొమ్మను వదిలేస్తారు. పది నిమిషాలు బొమ్మనే చూడనివ్వండి. ఏమనిపించిందో కాగితం వెనక రాసుకున్నాక పిన్ తీయమనండి.